మందు మహిమయా, కాల మహిమయా? పశువుల నాటువైద్యమును తూచి చూచు విధము

గాలికుంటు వ్యాధి ఊరిలో ప్రవేశించినపుడు ఏమి జరుగునో మీలో ప్రతివారికిని తెలియును. మొదట ఒక ఇంటి ఎద్దు చొంగ కార్చును, కాలు ఈడ్చును. నాలుగు దినములు గడువక ముందే ఆ వీధి పశువులెన్నియో మేత మానును. అప్పుడు ఒకరు తమ పశువులను బురదలో నిలబెట్టుదురు. ఒకరు నోటిపుండ్లకు తేనె పూయుదురు. ఒకరు పొరుగూరి నుండి మంత్రించిన తాడు తెచ్చి మెడకు కట్టుదురు. ఇంకొకరు ఆసుపత్రికి పోయి సూదిమందు వేయింతురు. రెండు మూడు వారములు గడచునప్పటికి పెద్ద పశువులలో ఎక్కువ భాగము తేరుకొని మేత అందుకొనును. బురద వారు బురదయే కాపాడినదందురు. తాడు వారు తాడందురు. సూది వేయించినవారు సూది అందురు. అందరును కండ్లార చూచినదే చెప్పుచున్నారు. ఒక్కరును అబద్ధమాడుట లేదు.

అయితే ఏ మందును ఎరుగని ఐదవ ఇంటి ఎద్దు కూడ అన్ని దినములకే లేచినది. దాని సంగతి అడిగినవారు లేరు.

గాలికుంటు వైరస్ వలన వచ్చు వ్యాధి. పెద్ద పశువు సాధారణముగా తనంతట తానే కోలుకొనును. చనిపోవునవి ఎక్కువగా లేగదూడలు. ఆసుపత్రిలో వేయు సూదిమందు సైతము ఆ వైరస్‌ను చంపదు. పుండ్లలో చేరు ఇతర సూక్ష్మక్రిములను అణచుటకును, జ్వరము తగ్గించుటకును మాత్రమే అది ఉపకరించును. వ్యాధి రాకముందు వేయు టీకా ఒక్కటే దానికి నిజమైన అడ్డుకట్ట. కనుక నాటుమందును మాత్రమే కాదు, ఇంగ్లీషు మందును కూడ మనము ఇదే ప్రశ్న అడుగవలెను: ఇది లేకున్నను పశువు లేచెడిదేనా?

రైతు సోదరులారా, నాటువైద్యములో మంచి మందులు కలవు. పనికిమాలినవియు కలవు. నమ్మిన వాని ప్రాణము తీయునవియు కలవు. చిక్కంతయు ఈ మూడును ఒకే గంపలో, ఒకే పేరుతో, "తాతల నాటి మందు" అన్న ఒకే సాక్ష్యముతో మన ముందుకు వచ్చుటయందున్నది. ఇటీవల పట్టణములలో కుక్కలను, పిల్లులను పెంచువారికి హోమియో గుళికలని, మూలికల పొడులని, ఆక్యుపంక్చరు అను సూదుల వైద్యమని మరికొన్ని గంపలు వచ్చి చేరినవి. ఏ గంపలో ఏది గట్టిది, ఏది తాలు అని చెరిగి చూచుటకు ఒక చేట కలదు.

చేనులో పుట్టిన చేట

ఆ చేటను మనకు ఇచ్చినది వైద్యులు కారు. క్రొత్త ఎరువు వచ్చినదనగానే తెలివిగల రైతు చేనంతట చల్లడు. కొంత చేనుకు వేసి, కొంత వదలివేసి, పంట కొలిచి చూచును. అయితే వదలిన మడి సహజముగానే చౌడుదైనచో పోలిక చెడును. రైతు తెలియకయే మంచి ఎరువును మంచి మడికి వేయుట కద్దు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రములో 1843 నుండి ఎరువుల ప్రయోగములు జరుగుచున్నవి. అచ్చట 1919లో చేరిన గణితవేత్త రొనాల్డ్ ఫిషర్ ఈ చిక్కునకు విరుగుడు చెప్పెను. ఏ మడికి ఏ ఎరువో మనిషి నిర్ణయింపరాదు, చీటీలు వేసి నిర్ణయింపవలెను. అప్పుడు మంచి నేల, చెడ్డ నేల ఇరుప్రక్కలకును సమముగా పంచబడు అవకాశము హెచ్చును.

మానవ వైద్యులు క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ మందును ఇట్లే చీటీల పద్ధతిపై పరీక్షించి 1948లో ఫలితములు ప్రకటించిరి. ఆ విధముగా చేనులో పుట్టిన పద్ధతి ఆసుపత్రికి చేరినది. తరువాతనే అది పశువైద్యమునకును వచ్చినది.

పశువుల విషయమున దీనికి మరి రెండు జాగ్రత్తలు తోడు కావలెను. మందు పడని గుంపునకు కూడ మందువలె కనిపించు ఉత్తది ఏదైన ఇయ్యవలెను. ఏ పశువునకు ఏది పడినదో ఫలితము చూచువానికి తెలియరాదు. "పశువునకేమి నమ్మకము, ఏమి అపనమ్మకము? దానిని మోసగించుటెట్లు?" అని కొందరు అడుగుదురు. మోసపోవునది పశువు కాదు, మనము. కీళ్లవాతముతో కుంటుచున్న 58 కుక్కలకు ఉత్త మందునే ఇచ్చి పరిశీలించిన సంగతి అమెరికాలో 2012లో అచ్చయినది. ఆ కుక్కలు కాలు ఎంత బలముగా మోపుచున్నవో బరువు కొలుచు పలకపై నడిపించి యంత్రముతో కొలిచిరి. యంత్రము మార్పు లేదని చెప్పినప్పుడు సైతము, సగమునకు మించిన మార్లు యజమానులు కుక్క మెరుగైనదనియో, క్షీణించినను నిలకడగా నున్నదనియో చెప్పిరి. పరీక్షించిన పశువైద్యులు కూడ ఇంచుమించు పదింట నాలుగు మార్లు అట్లే భ్రమించిరి. చదువుకొన్న కన్ను కూడ ఆశపడిన కన్నే.

ఈ మాట వ్రాయుచు నేను తప్పుకొనుట న్యాయము కాదు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక గేదెకు పాలు తగ్గినవనగా ఒక బలపు పొడి ఇచ్చితిని. పదునైదు దినములకు పాలు పెరిగినవి. నేను ఆ పొడిని ఊరూర పొగడితిని. ఆ పదునైదు దినములలోనే తొలకరి వానలు పడి గట్లపై పచ్చగడ్డి మొలచిన సంగతి ఆ ఇంటి ముసలమ్మ చెప్పువరకు నాకు తోచలేదు.

కాల్చిన వాత

కుంటు ఎద్దునకు, మెడవాపు ఎద్దునకు ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టుట మన గ్రామములలో పాత అలవాటు. ఇంగ్లండులో పందెపు గుర్రములకును ఇట్లే చేయుచుండిరి. కాలి వెనుక స్నాయువు చిట్లిన గుర్రమునకు అచ్చటి పశువైద్యులే వాతలు పెట్టి, తరువాత నెలల తరబడి పరుగు మాన్పించుచుండిరి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయము వారు దీనిని పరీక్షించి 1983లో ఫలితములు ప్రకటించిరి. వాత వలన స్నాయువునకు ఏ మేలును లేదనియు, చర్మము మాత్రము చెడుననియు తేలినది. గుర్రమును నిలబెట్టినది ఆ నెలల విశ్రాంతి.

మన ఎద్దు సంగతియు అంతే. వాత పెట్టిన ఎద్దును ఎవరును మరునాడే కాడికి కట్టరు. పుండు మానువరకు కొట్టములో నిలబెట్టి మేపుదురు. ఆ విశ్రాంతి ముందే ఇచ్చినచో ఇనుము కాల్చు పనియే లేదు. పైగా కాలిన పుండులో ఈగలు గ్రుడ్లు పెట్టి పురుగు పడును, ధనుర్వాతము సోకవచ్చును, తోలు ధర పోవును. ఈ ఒక్క ఆచారము విషయమున నాకు ఏ సందేహమును లేదు. దీనిని విడువవలెను.

తియ్యని గుళికలు

హోమియోపతిని జర్మనీ దేశస్థుడు హానిమన్ పదునెనిమిదవ శతాబ్దము చివర ప్రారంభించెను. మూలమందు ఒక పాలు, నీరో సారాయో తొంబదితొమ్మిది పాళ్లు కలిపి కుదిపి, అందులో నుండి ఒక పాలు తీసి మరల అట్లే కలుపుచు పోవుదురు. ముప్పది మార్లు ఇట్లు చేసిన మందు మిక్కిలి వాడుకలో నున్నది. పండ్రెండు మార్లు దాటిన తరువాత మూలపదార్థపు అణువు ఒక్కటైన మిగిలి యుండునని రసాయనశాస్త్రము చెప్పజాలదు. అయినను శాస్త్రమును ప్రక్కన పెట్టి, పనిచేయునా లేదా అన్నంతవరకే చూతము.

నార్వే దేశమున పొదుగువాపు వచ్చిన 57 ఆవులను మూడు గుంపులుగా పంచి, ఒక గుంపునకు హోమియో, ఒక గుంపునకు యాంటీబయాటిక్, ఒక గుంపునకు ఉత్తమందు ఇచ్చిరి. 2004లో ప్రకటించిన ఫలితములలో హోమియోకు ఉత్తమందును మించిన గుణము కనబడలేదు. హాలండులో మాత్రము 52 పందులకు ఈనుటకు ముందు హోమియో మందో, ఉత్తమందో ఇచ్చి చూడగా, మందు పడిన తల్లుల పిల్లలలో పారుడు తక్కువగా నున్నదని 2010లో వ్రాసిరి. మరి ఏది నమ్మవలెను? 1981 నుండి 2014 వరకు ప్రకటింపబడిన ఇట్టి పరీక్షలు 52 కూర్చి ఇద్దరు జర్మను పరిశోధకులు 2016లో సమీక్షించిరి. అందులో 28 హోమియోకు అనుకూలము, 22 గుణము లేదనునవి. కాని ఒక్క పరీక్షయైనను పోల్చదగిన రీతిలో రెండవచోట తిరిగి చేయబడలేదు. ఒక్క ఏటి పంట చూచి వంగడమును మెచ్చుకొను రైతు ఎవరు? రెండవ ఏడు, రెండవ నేలపై కూడ పండవలెను గదా. అందుచేత నిరూపణ లేదనియే నా తీర్పు. గుళిక వలన కీడు లేకపోవచ్చును. గుళిక వేసి వైద్యుని పిలువక గడపిన మూడు దినముల వలన కీడు కలదు.

పొదుగువాపు లేపనము

ఇప్పుడు మన దగ్గరి మందునకు వత్తము. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు పల్లెవైద్యము నుండి గ్రహించి రూపొందించిన ఒక లేపనమును జాతీయ పాడి అభివృద్ధి సంస్థ దేశమంతట ప్రచారము చేయుచున్నది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నము 15 గ్రాములు కలిపి ఎర్రగా నూరవలెను. పొదుగు కడిగి, పాలు పూర్తిగా పిండివేసి, ఆ ముద్దలో కొంత నీటితో పలుచన చేసి పొదుగంతటికి పూయవలెను. దినమునకు ఎనిమిది పది మార్లు, ఐదు దినములు ఇట్లు చేయవలెనని వారి సూచన.

వేల పశువులలో గుణము కనిపించినదని క్షేత్రపు లెక్కలు చెప్పుచున్నవి. వానిని నేను త్రోసివేయను. అయితే చేటలో పోసి చూతము. ఈ లెక్కలలో ఎక్కువ భాగము మందు వేసిన పశువులవే. వేయని గుంపు ప్రక్కన లేదు. పొదుగువాపు అన్నియు ఒక్కటి కావు. కొన్ని సూక్ష్మక్రిముల వలన వచ్చు తేలికవాపు కొన్ని దినములలో తనంతట తగ్గును, కొన్నిటి వలన వచ్చినది యాంటీబయాటిక్‌కును లొంగదు. మాటిమాటికి కడిగి, పాలు పూర్తిగా పిండుటయే సగము వైద్యము. దినమునకు పది మార్లు పొదుగు ముట్టుకొను రైతు దానిని మునుపటి కంటె శుభ్రముగా ఉంచును. పసుపు, కలబంద గాజుగొట్టములో సూక్ష్మక్రిములను అణచునని ప్రయోగశాలలలో చూపిరి. కాని క్రిములు పొదుగు లోపల నున్నవి, లేపనము చర్మము పైన నున్నది. ఈ రెంటి నడుమనున్న దూరమును ఎవరైన కొలువవలెను.

కనుక నా సలహా ఇది. పాలలో కొద్ది విరుగుడు, పొదుగున కొద్ది గట్టితనము మాత్రమే యుండి, ఆవు మేత మేయుచున్నచో లేపనము వాడి చూడుడు. యాంటీబయాటిక్ వాడకుండ గడచినచో పాలలో మందు శేషము ఉండదు, చీటీపై వ్రాసిన గడువు వరకు పాలు పారబోయు నష్టమును తప్పును. జ్వరము వచ్చినను, మేత మానినను, పాలు నీళ్లవలె నెత్తుటి చారలతో వచ్చినను, పొదుగు చల్లబడి నీలి రంగు తిరిగినను ఒక్క పూట కూడ ఆగవద్దు. రెండు దినముల లేపనముతో మార్పు కనబడకున్నను ఆగవద్దు. 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చును.

గ్రామాధికారులకును, పశుసంవర్ధక సహాయకులకును ఒక మనవి. ఈ లేపనము తగవు తీర్చుటకు పెద్ద పరిశోధనాలయము అక్కరలేదు. పశువైద్యుని పర్యవేక్షణలో, రైతుల సమ్మతితో, తేలికపాటి పొదుగువాపు పశువులను ఒక పుస్తకములో వ్రాయుడు. అన్నిటికిని కడుగుట, తరచు పిండుట సమానముగా చేయించుడు. చీటీ వేసి సగమునకు మాత్రము లేపనము చేర్చుడు. ఐదవ దినమున, ఏది ఏ పశువో తెలియని మనిషిచేత పాలు పరీక్ష చేయించుడు. నాలుగు గుంటల పళ్లెములో పాలు పోసి, మందునీళ్లు కలిపి త్రిప్పగా జిగురు కట్టుటను బట్టి వాపు తెలుసుకొను కాలిఫోర్నియా పరీక్ష 1957 నుండి వాడుకలో నున్నది, ఖర్చు స్వల్పము. తగ్గనివానిని కూడ వ్రాయవలెను. మన పుస్తకములలో సాధారణముగా వ్రాయనివి అవే.

గట్టి గింజ

చెరుగగా మిగిలిన గట్టి గింజ ఒకటి చూపుదును. లేత పచ్చి పప్పుజాతి మేత ఎక్కువగా మేసిన పశువునకు కడుపుబ్బరము వచ్చినపుడు మన పెద్దలు నూనె త్రాగింతురు. ఇది సరియైన వైద్యము. ఆ ఉబ్బరములో వాయువు నురుగుగా చిక్కుకొని త్రేనుపుగా వెలుపలికి రాలేదు. నూనె ఆ నురుగును విరుగగొట్టును. న్యూజీలండ్‌లో 1950 దశకములో పరిశోధకులు క్లోవరు పచ్చికపై వేరుసెనగ నూనె చల్లి మేపి, ఉబ్బరమును నివారింపవచ్చునని చూపిరి. పెద్దల మాట, పరీక్ష, కారణము మూడును ఇచ్చట ఒకటిగా కలిసినవి. కాని పశువు తల మిక్కిలి పైకెత్తి, నాలుక పట్టి లాగి గబగబ పోసినచో నూనె ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. మందు మంచిదైనను పోయు చేతికి నేర్పు కావలెను. ఎడమప్రక్క డొక్క డోలువలె బిగిసి పశువు రొప్పుచున్నచో నూనెతో కాలయాపన చేయరాదు.

ఇంగ్లీషు మందు కూడ ఈ చేటకు తప్పించుకొనరాదనుటకు ఒక్క మాట. నొప్పి తగ్గించుటకు పశువులకు విరివిగా వేసిన డైక్లోఫెనాక్ గుణము చేయు మందే. కాని అది పడిన పశువు చచ్చినపుడు ఆ కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి రాలిపోయినవని 2004లో తేలినది. పశువులకు దాని వాడకమును భారత ప్రభుత్వము 2006లో నిషేధించినది.

పిచ్చికుక్క కాటు

ఇంతవరకు చెప్పినవానిలో పొరపడినచో పాలు పోవును, పశువు పోవును. ఇందులో పొరపడినచో మనిషి పోవును.

పిచ్చికుక్క కాటునకు పసరు పోయువారు, ఆకు మ్రింగించువారు దాదాపు ప్రతి ప్రాంతమునను కలరు. "నా చేతి మీదుగా నూరుమంది బ్రతికినారు" అని వారనిన మాట నిజమే కావచ్చును. లెక్క చూడుడు. కరచిన కుక్కలలో పెక్కింటికి పిచ్చి యుండదు. నిజముగా పిచ్చి యున్న కుక్క కరచినను, ఏ వైద్యము లేకున్నను, కరవబడిన ప్రతివానికిని వ్యాధి రాదు. కాటు ఎంత లోతు, ఎచ్చట పడినది, బట్ట అడ్డున్నదా అనువానిపై అది ఆధారపడును. బ్రతుకవలసిన వారందరును పసరు వైద్యుని పేరున బ్రతుకుదురు. మిగిలినవారికి వ్యాధి వారములో రాదు. సాధారణముగా ఒకటి నుండి మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటి వచ్చును. అప్పటికి పసరు సంగతి మరచిపోదురు, నీటిని చూచి బెదరు రోగిని పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోదురు. చావు లెక్క ఆసుపత్రి పుస్తకములో పడును. పసరు వైద్యుని లెక్క చెక్కుచెదరదు.

లక్షణములు బయటపడిన తరువాత ఈ వ్యాధికి మందు ఏ వైద్యములోను లేదు. ప్రపంచమున ఏటా సుమారు 59,000 మంది దీనికి బలియగుచున్నారని అంచనా. అయితే 1885లో పాశ్చర్ పారిస్ నగరమున జోసెఫ్ మైస్టర్ అను బాలునికి టీకా వేసి కాపాడిన నాటి నుండి, వేళకు వేసిన టీకా ఈ చావును ఆపగలుగుచున్నది. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులన్న భయము మన వారిలో ఇంకను పోలేదు. ఆ పాత టీకా తయారీ మన దేశములో 2004 చివరకే ముగిసినది. ఇప్పటిది చేతికి వేయు కొలది సూదులు మాత్రమే. కరచిన వెంటనే గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిముషములు కడుగుడు. కారము, సున్నము, పసరు పెట్టవద్దు. ఆ దినమే ఆసుపత్రికి పొండు. గాయము లోతైనచో టీకాతో పాటు గాయము చుట్టు వేయు సీరము కూడ అడుగుడు. ఇంటి కుక్కకు మూడవ నెలలో టీకా వేయించి, తరువాత ఏటేట వేయించుడు.

కుక్క కరచిన పశువునకును వెంటనే గాయము కడిగి టీకాలు వేయింపవలెను. ఈ మాట చెప్పుటకు నాకొక కారణము కలదు. ఒక గ్రామము నుండి, గేదె గొంతులో మామిడిటెంక అడ్డుపడినదని కబురు వచ్చినది. పోయి చూచితిని. గేదె చొంగ కార్చుచు, గొంతు మారిన అరపు అరచుచు, గుంజను కుమ్ముచున్నది. అప్పటికే ఇంటి యజమాని, ఆయన కొడుకు, పాలేరు ముగ్గురును దాని నోటిలో మోచేతి వరకు చేయి పెట్టి టెంక కొరకు వెదకినారు.

"ఈ మధ్య కుక్క ఏమైన కరచినదా అయ్యా?" అని అడిగితిని.

"ఆరు వారముల క్రిందట కరచినది డాక్టరుగారూ. అప్పుడే పసరు పోయించినాము. పుండు మానిపోయినది, మేత కూడ బాగానే మేసినది. దానికి దీనికి ఏమి సంబంధమండీ?" అని యజమాని అనెను.

పాలేరు చేతివ్రేళ్లపై పరక కోసుకొనిన గాయములు పచ్చిగా నున్నవి. ముగ్గురిచేతను బావి దగ్గర సబ్బుతో చేతులు కడిగించి, ఆ సాయంత్రపు బస్సులోనే ఆసుపత్రికి పంపితిని. గేదె మూడవనాడు చనిపోయినది. మెదడు ముక్కను పరీక్షకు పంపగా పిచ్చివ్యాధియే అని వ్రాసి వచ్చినది. ఆ ముగ్గురును వరుస తప్పక టీకాలు వేయించుకొనిరి. ఆ పై వేసవిలో ఆ ఊరికి పోయినపుడు పాలేరు క్రొత్త గేదెను నీళ్లకు తోలుకొని పోవుచు కనబడెను.